తరగతి గదిలో తుపాకీ: రక్షణ ఎవరికి, భయం ఎవరికి?

1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒక మాజీ మెరైన్ సైనికుడు టవర్ 28వ అంతస్తు ఎక్కి గంటన్నరకు పైగా కాల్పులు జరిపాడు. పదిమందికి పైగా చనిపోయారు. సరిగ్గా 50 ఏళ్ల తర్వాత, 2016 ఆగస్టు 1న, అదే క్యాంపస్‌లో ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. లైసెన్స్ ఉన్నవాళ్లు చేతి తుపాకీని బట్టల కిందో బ్యాగులోనో దాచుకుని తరగతి గదికి రావచ్చని చెప్పే చట్టం అది. మృతులను తలచుకోవాల్సిన రోజునే తుపాకీకి ద్వారం తెరవడం కాకతాళీయమే కావచ్చు. కానీ అమెరికాలో తుపాకీ గురించి జరిగే వాదన మొత్తం ఆ ఒక్క తేదీలో ఇమిడిపోయింది. కాల్పులు జరిగాయి కాబట్టి తుపాకులు తగ్గించాలని ఒక పక్షం అంటుంది. కాల్పులు జరిగాయి కాబట్టే అందరి దగ్గరా తుపాకీ ఉండాలని ఇంకో పక్షం అంటుంది.

ఇది అమెరికా వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. టెక్సస్, జార్జియా, కాన్సస్ వంటి రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. వాళ్లలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలతో, దానికి తోడు అప్పులతో వెళ్లిన దళిత పిల్లలూ ఉన్నారు. అంతకన్నా ముఖ్యంగా, ఈ చర్చ అడుగున ఉన్న ప్రశ్న మనకు బాగా తెలిసినది. ఆత్మరక్షణ హక్కు అందరికీ ఉందని చట్టం చెప్పినప్పుడు, ఆ 'అందరూ'లో నిజంగా ఎవరున్నారు?

చట్టాలు ఎలా వచ్చాయి

క్యాంపస్‌లో తుపాకీ గురించి అమెరికా అంతటికీ ఒకే చట్టం లేదు. ప్రతి రాష్ట్రం తన సొంత చట్టం చేసుకుంటుంది. యూటా రాష్ట్రం 2004లోనే ప్రభుత్వ యూనివర్సిటీలు తుపాకీని నిషేధించకుండా చట్టం చేసింది. యూటా యూనివర్సిటీ కోర్టుకెళ్లినా 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మంది హత్యకు గురయ్యాక ఈ ఉద్యమానికి ఊపొచ్చింది. క్యాంపస్‌లో దాచిన తుపాకీకి అనుమతి కోరే విద్యార్థి సంఘం ఆ ఏడాదే పుట్టింది. తర్వాత ఐడాహో, టెక్సస్, కాన్సస్, జార్జియా, ఆర్కాన్సా, 2024 జులై నుంచి వెస్ట్ వర్జీనియా ఈ దారి పట్టాయి. టెనెసీలో పూర్తికాలపు ఉద్యోగులకు మాత్రమే అనుమతి ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో నిషేధం కొనసాగుతోంది.

టెక్సస్ చట్టంలో గమనించాల్సిన ఒక మెలిక ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలు కొన్ని చోట్ల నిషేధం పెట్టుకోవచ్చు గానీ క్యాంపస్ మొత్తం మీద పెట్టలేవు. ప్రైవేటు యూనివర్సిటీలకు మాత్రం 'మాకొద్దు' అనే వీలుంది. రైస్, బేలర్, ఎస్‌ఎంయూ వంటి ప్రైవేటు యూనివర్సిటీలు ఆ వీలును వాడుకుని తుపాకీని గేటు బయటే ఆపేశాయి. ప్రెయిరీ వ్యూ, టెక్సస్ సదరన్ వంటి చారిత్రక నల్లజాతి ప్రభుత్వ యూనివర్సిటీలకు ఆ వీలు లేదు. పేద పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే కమ్యూనిటీ కాలేజీలకూ లేదు. తుపాకీ నిజంగా భద్రతే ఇస్తే, ఖరీదైన ఫీజులు తీసుకునే సంస్థలు దాన్ని ఎందుకు వద్దనుకున్నాయి?

'మంచివాడి చేతిలో తుపాకీ'

సమర్థకుల వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వాళ్లు చెప్పేది ఇది: చంపాలనుకున్నవాడు 'ఇక్కడ తుపాకులు నిషేధం' అన్న బోర్డు చూసి వెనక్కి తిరగడు. బోర్డును పాటించేది చట్టానికి లోబడేవాళ్లే. పోలీసులు వచ్చేదాకా వాళ్లు నిరాయుధంగా చావాల్సిందేనా? 1966లో ఆస్టిన్‌లో సామాన్యులు తమ రైఫిళ్లు తెచ్చి కింద నుంచి కాల్చడం వల్లే హంతకుడు తల దాచుకోవాల్సి వచ్చిందని కూడా గుర్తు చేస్తారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ రోజు హత్యాకాండను ఆపింది టవర్ పైకి ఎక్కి వెళ్లిన పోలీసులు. కింద నుంచి వచ్చే 'మంచివాళ్ల' తూటాలు వాళ్లకూ ప్రమాదమే అయ్యాయి.

2015 అక్టోబర్ 1న ఆరెగాన్‌లోని అంక్వా కమ్యూనిటీ కాలేజీలో తొమ్మిదిమంది హత్యకు గురయ్యారు. ఆ సమయంలో క్యాంపస్‌లో తుపాకీతో ఒక మాజీ సైనికుడు ఉన్నాడు. తాను పరిగెత్తి వెళ్తే వచ్చే పోలీసులు తననే హంతకుడనుకుని కాలుస్తారేమోనని జోక్యం చేసుకోలేదని తర్వాత చెప్పాడు. శిక్షణ పొందిన సైనికుడే అలా అనుకున్నాడు. 2025 సెప్టెంబర్ 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో మితవాద నాయకుడు చార్లీ కర్క్ హత్య జరిగింది. దాచిన తుపాకీకి అనుమతి ఉన్న క్యాంపస్ అది. దూరంగా ఉన్న ఒక భవనం పైకప్పు మీద నుంచి ఒకే ఒక్క తూటా వచ్చింది. సభకు వచ్చిన వేలమందిలో ఎవరి నడుముకు ఏ పిస్టల్ ఉన్నా చేయగలిగింది లేదు.

ఇంకో వైపు, వ్యతిరేకులు భయపెట్టినట్టు టెక్సస్ క్యాంపస్‌లలో రక్తపాతం ఏమీ జరగలేదన్నదీ నిజమే. చట్టం వచ్చిన కొన్ని వారాలకే టార్లెటన్ స్టేట్ యూనివర్సిటీ హాస్టల్లో ఒక విద్యార్థి తుపాకీ పొరపాటున పేలింది. అలాంటి ఘటనలు ఉన్నాయి గానీ హత్యల వెల్లువ రాలేదు. అందుకే ఈ చర్చను శవాల లెక్కతో మాత్రమే తేల్చలేం. చూడాల్సిన నష్టాలు వేరే ఉన్నాయి.

మొదటిది ఆత్మహత్య. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది, అంటే సగానికి పైగా, తమను తామే కాల్చుకున్నవాళ్లు. తుపాకీతో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతకరు. చేతికి అందే సాధనం అంత ప్రాణాంతకం కానప్పుడు చాలామంది బతుకుతారు, ఆ తర్వాత కోలుకుంటారు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఇచ్చిన నివేదిక కూడా క్యాంపస్‌లో తుపాకులు పెరిగితే మూకుమ్మడి హత్యలు తగ్గే అవకాశం కన్నా తగాదాల్లో కాల్పులు, ఆత్మహత్యలు పెరిగే ప్రమాదమే ఎక్కువని హెచ్చరించింది. ఇరవై ఏళ్ల వయసు, పరీక్షల ఒత్తిడి, ఒంటరితనం, మద్యం కలిసే చోటు క్యాంపస్. వివక్ష విద్యార్థిని ఎంత దూరం నెట్టగలదో రోహిత్ వేముల నుంచి పాయల్ తడ్వి దాకా మనం చూశాం. నిస్సహాయ క్షణానికీ మరణానికీ మధ్య ఉన్న కాస్త ఎడాన్ని తుపాకీ చెరిపేస్తుంది.

రెండోది మాట. 2014లో యూటా స్టేట్ యూనివర్సిటీలో స్త్రీవాద విమర్శకురాలు అనీటా సార్కీసియన్ ప్రసంగించాల్సి ఉంది. ఆమె వస్తే సామూహిక హత్యలు చేస్తామని బెదిరింపు వచ్చింది. లైసెన్స్ ఉన్నవాళ్ల తుపాకులను హాల్లోకి రాకుండా ఆపలేమని అధికారులు చెప్పడంతో ఆమె ప్రసంగం రద్దు చేసుకున్నారు. 2016లో హ్యూస్టన్ యూనివర్సిటీ అధ్యాపకుల సమావేశంలో చూపిన ఒక స్లైడ్ దేశమంతా చర్చకు వచ్చింది. సున్నితమైన అంశాలు చర్చించేటప్పుడు జాగ్రత్త పడండి, అవసరమైతే కొన్ని పాఠాలు వదిలేయండి, కోపంగా ఉన్న విద్యార్థిని రెచ్చగొట్టకండి అన్నది దాని సారాంశం. ఆస్టిన్‌లో ముగ్గురు మహిళా ప్రొఫెసర్లు ఈ చట్టం తమ బోధనా స్వేచ్ఛను దెబ్బతీస్తోందని కోర్టుకెళ్లారు. 2018లో ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్ల వాదనను తోసిపుచ్చింది. విద్యార్థులు ఏం చేస్తారోనన్న అధ్యాపకుల ఊహ మీద ఆధారపడిన భయం కేసుకు సరిపోదన్నది కోర్టు తర్కం.

సున్నితమైన అంశాలంటే ఏవి? బానిసత్వం, జాతి, లైంగికత, వలస. అమెరికా క్యాంపస్‌లో కులం గురించి మాట్లాడటం కూడా ఇప్పుడు ఆ జాబితాలో చేరింది. భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుడి కన్నా ఈ పాఠాలు చెప్పేవాళ్లకే గొంతు సవరించుకోవాల్సిన అవసరం ఎక్కువ. ఆ పాఠాలు ఎక్కువగా చెప్పేది నల్లజాతి అధ్యాపకులు, మహిళలు, వలస సమూహాల వాళ్లు. చట్టంలో ఎక్కడా వాళ్ల పేరు ఉండదు. కానీ దాని బరువు పడేది వాళ్ల మీదే.

నల్లచేతిలో తుపాకీ

అమెరికా రాజ్యాంగ రెండో సవరణ ఆయుధం కలిగి ఉండే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఎవరిదన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే జవాబు సూటిగా ఉంటుంది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లవాళ్లు పౌరులు కాలేరని చెప్పడానికి వాడిన వాదనల్లో ఇదొకటి: వాళ్లను పౌరులుగా ఒప్పుకుంటే సభలు పెట్టుకునే హక్కు, ఆయుధం పట్టుకు తిరిగే హక్కు వాళ్లకూ వస్తాయి. బానిసత్వం రద్దయ్యాక 1865లో మిసిసిపీ చేసిన 'బ్లాక్ కోడ్' విముక్తులైన నల్లవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని నేరం చేసింది. 1956లో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ అలబామాలో దాచిన తుపాకీ లైసెన్స్‌కు దరఖాస్తు చేశారు. ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి నడిచారు. ఆ ఏడాదే గవర్నర్ రొనాల్డ్ రీగన్ బహిరంగంగా తుపాకీ పట్టుకు తిరగడాన్ని కట్టడి చేసే మల్ఫోర్డ్ చట్టం మీద సంతకం పెట్టాడు. తర్వాతి కాలంలో తుపాకీ హక్కుల సమర్థకుడిగా పేరుపడ్డ రీగనే ఆయన.

ఇది పాత చరిత్ర మాత్రమే కాదు. 2016 జులైలో, టెక్సస్ చట్టం అమల్లోకి రావడానికి కొద్ది వారాల ముందు, మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ కారును పోలీసులు ఆపారు. అతను ఒక స్కూలు క్యాంటీన్ ఉద్యోగి. లైసెన్స్ ఉంది. తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా ముందే చెప్పాడు. క్షణాల్లో పోలీసు అతన్ని కాల్చి చంపాడు. 2017లో ఆ పోలీసును నిర్దోషిగా వదిలేశారు. 2018 నవంబర్‌లో అలబామాలోని ఒక మాల్‌లో కాల్పులు జరిగినప్పుడు, అక్కడున్న 21 ఏళ్ల నల్లజాతి యువకుడి చేతిలో తుపాకీ చూసి పోలీసు వెనక నుంచి కాల్చాడు. చచ్చిపోయినవాడే హంతకుడని పోలీసులు ముందు ప్రకటించారు, తర్వాత కాదని ఒప్పుకున్నారు. 'మంచివాడి చేతిలో తుపాకీ' సిద్ధాంతంలో మంచివాడి చర్మం రంగు ముందే నిర్ణయమై ఉంటుంది.

మహిళల భద్రత కోసమే క్యాంపస్‌లో తుపాకీ అన్న వాదన కూడా బలంగా వినిపిస్తుంది. కానీ క్యాంపస్ లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం చేసేది తెలిసినవాళ్లే. తుపాకీ అనుమతి వాళ్లకూ వర్తిస్తుంది. ఆత్మరక్షణ చేసుకున్న స్త్రీని చట్టం ఎలా చూస్తుందో మరిస్సా అలెగ్జాండర్ కేసు చెప్తుంది. ఫ్లోరిడాలో ఈ నల్లజాతి మహిళ కొట్టే భర్త నుంచి కాపాడుకోవడానికి హెచ్చరికగా తుపాకీ పేల్చింది. ఎవరికీ గాయం కాలేదు. అయినా 2012లో ఆమెకు 20 ఏళ్ల శిక్ష వేశారు. తర్వాత అప్పీలులో ఆ శిక్ష రద్దయింది గానీ అప్పటికే ఆమె ఏళ్లు జైల్లో గడిపింది.

అయితే తుపాకీ నియంత్రణ చట్టాలు కూడా తటస్థంగా లేవు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో న్యూయార్క్ లైసెన్స్ చట్టాన్ని కొట్టేసింది. ఇంటి బయట తుపాకీ మోయడం రాజ్యాంగ హక్కని చెప్పింది. ఆ కేసులో న్యూయార్క్ పేదల తరఫున వాదించే నల్లజాతి న్యాయవాదులు కూడా పాత చట్టానికి వ్యతిరేకంగా నిలబడ్డారు. లైసెన్స్ ఇచ్చే అధికారం పోలీసుల చేతిలో ఉండటం వల్ల తమ క్లయింట్లు, అంటే నల్లజాతి, లాటినో యువకులు, జైళ్లపాలవుతున్నారన్నది వాళ్ల అనుభవం. అనుమతించే చట్టమూ నిషేధించే చట్టమూ రెండూ ఒకే సమాజపు చేతుల్లో అమలవుతాయి. ఎవరు ప్రమాదకారి, ఎవరు పౌరుడు అన్నది ఆ చేతులే తేలుస్తాయి.

మన పిల్లలు ఎక్కడున్నారు

తెలుగు విద్యార్థుల పరిస్థితి ఇందులో విచిత్రమైనది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం నేరం. అంటే డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే మన విద్యార్థి పక్క సీటువాడి బ్యాగులో తుపాకీ ఉండొచ్చన్న నియమాన్ని ఒప్పుకుని కూర్చోవాలి, తనకు మాత్రం ఆ హక్కు లేదు. ఆత్మరక్షణ 'అందరి' హక్కు అన్న మాట అక్కడే తేలిపోతుంది. తుపాకీని సరదాకి పట్టుకుని ఫొటో దిగడం, స్నేహితుడి తుపాకీని గదిలో దాచడం కూడా వీసాను, చదువును, కుటుంబం చేసిన అప్పును ఒకేసారి ముంచే పని. ఈ విషయం ఇక్కడి కన్సల్టెన్సీలు చెప్పవు.

2007 డిసెంబర్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అపార్ట్‌మెంట్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులను కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో 'నా దేశం నుంచి పొండి' అని అరుస్తూ ఒక తెల్లజాతివాడు హైదరాబాద్ ఇంజినీరును చంపాడు, ఇంకో తెలుగువాడిని గాయపరిచాడు. అడ్డుకోబోయిన స్థానికుడికీ తూటా తగిలింది. ఆ దుఃఖం ఆరకముందే, అదే ఏడాది జులై 1 నుంచి కాన్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాచిన తుపాకీకి తలుపులు తెరిచారు. తెలుగు సంఘాలు సంతాప సభలు పెట్టాయి. ఇంజినీరును చంపిన ద్వేషం పేరు జాతివివక్ష అని గట్టిగా చెప్పడానికి మాత్రం చాలామంది వెనకాడారు. కులం విషయంలో అలవాటైన మౌనమే జాతి విషయంలోనూ పనికొచ్చింది.

ఆయుధం గురించి మనకున్న చట్టం

ఆయుధానికీ కులానికీ సంబంధం మనకు కొత్త కాదు. 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఈ విషయాన్ని నేరుగా చర్చించారు. చాతుర్వర్ణ్యం కింది కులాలకు ఆయుధాన్నీ చదువునూ రెంటినీ నిరాకరించింది కాబట్టే వాళ్లు తిరగబడలేకపోయారని వివరించారు. కారంచేడులో 1985లో ఆరుగురు దళితులను, చుండూరులో 1991లో ఎనిమిదిమందిని చంపడానికి తుపాకులు అక్కర్లేకపోయింది. భూమి, మంద బలం, చూసీచూడనట్టుండే పోలీసు సరిపోయాయి. బిహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997లో 58 మందిని చంపిన రణవీర్ సేనకు మాత్రం తుపాకులకు కొదవ లేదు.

ఈ అనుభవం నుంచే మన దగ్గర ఒక అరుదైన నిబంధన పుట్టింది. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల్లోని 3వ నియమం చదవండి. అత్యాచారం జరిగే ప్రమాదమున్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అక్కడ అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులను రద్దు చేసి ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఆ వరుసను టెక్సస్ చట్టంతో పోల్చి చూడాలి. టెక్సస్ చట్టం అందరూ సమానమని ఊహించుకుని అందరికీ తుపాకీ అంటుంది. సమాజంలో ఉన్న అసమానత ఆ తుపాకీ గురి ఎటో నిర్ణయిస్తుంది. మన 3వ నియమం అసమానతను ఒప్పుకోవడంతో మొదలవుతుంది. ముందు ప్రమాదం ఎక్కడుందో గుర్తించమంటుంది. ఆ తర్వాత బలవంతుడి ఆయుధం తీసేయమంటుంది. బాధితుడికి ఆయుధం ఇవ్వడం చివరి మాట. తుపాకీ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న కన్నా ముందు, ఎవరి నుంచి ఎవరికి రక్షణ అన్న ప్రశ్న అడిగే చట్టం ఇది. అమెరికా చర్చలో ఇరుపక్షాలూ అడగడం మరిచిపోయిన ప్రశ్న కూడా ఇదే.

ఇదంతా దళిత విద్యార్థులు తుపాకీ పట్టాలని చెప్పడానికి కాదు. క్యాంపస్‌లో మనల్ని చంపుతున్నది తూటా కన్నా ఎక్కువగా ఆగిపోయిన ఫెలోషిప్, వైవా గదిలో అవమానం, హాస్టల్ నుంచి బహిష్కరణ, పనిచేయని ఎస్సీ, ఎస్టీ సెల్. వీటికి పిస్టల్ జవాబు కాదు. పనిచేసే ఫిర్యాదు వ్యవస్థ, జవాబుదారీ వహించే వైస్ చాన్సలర్, ఒంటరిగా వదిలేయని విద్యార్థి సంఘం కావాలి. అమెరికాలో కూడా క్యాంపస్‌ను కాపాడేది అవే. బ్రాండైస్ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులాన్ని వివక్ష జాబితాలో చేర్చాయంటే, దాని వెనక ఉన్నది సంఘటితమైన విద్యార్థుల గొంతే.

చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. విదేశాలకు వెళ్లే విద్యార్థులకు ప్రభుత్వం స్కాలర్‌షిప్ చెక్కుతో పాటు ఆ రాష్ట్ర తుపాకీ చట్టం, వీసా నిబంధనలు, జాత్యహంకార దాడి జరిగితే ఎవరిని సంప్రదించాలో చెప్పే శిక్షణ ఇవ్వాలి. అక్కడి అంబేడ్కరైట్ విద్యార్థులు ఈ చర్చలో నల్లజాతి విద్యార్థి సంఘాల పక్కన నిలబడాలి. ఇక్కడ జిల్లా స్థాయి విజిలెన్స్, మానిటరింగ్ కమిటీల సభ్యులు తమ తదుపరి సమావేశంలో ఒక ప్రశ్న వేయాలి: 3వ నియమం కింద మన జిల్లాలో ఇప్పటిదాకా ఎన్ని ప్రాంతాలను గుర్తించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎన్ని ఇచ్చారు? జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు.